లోతు, కాలం, సున్నం: చేతితో నడిపే రీబ్రీదర్ హద్దులు

పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో మనిషి శరీరం వాడుకునేది కొద్ది భాగమే. 21 శాతం ఆక్సిజన్‌తో లోపలికి వెళ్లిన గాలి సుమారు 16, 17 శాతంతో బయటికి వస్తుంది. నేల మీద ఈ వృథాకు లెక్కలేదు గాని, నీటి అడుగున వీపున మోసుకుపోయిన సిలిండరే దిక్కయినప్పుడు దాని విలువ తెలిసివస్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ పీడనం దాదాపు ఒక బార్ చొప్పున పెరుగుతుంది కాబట్టి, ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే డైవరు ముప్పై మీటర్ల లోతున, అంటే నాలుగు బార్ల పీడనంలో, అదే సిలిండరు నుంచి నిమిషానికి 80 లీటర్ల గాలిని ఖర్చుచేసి, అందులో అధికభాగాన్ని బుడగలుగా నీటిపాలు చేస్తాడు. అయితే శరీరం నిజంగా ఖర్చుపెట్టే ఆక్సిజన్ లోతుతో మారదు; విశ్రాంతిలో నిమిషానికి లీటరులో మూడో వంతు, నిదానంగా ఈదేటప్పుడు ఒక లీటరు, ప్రవాహానికి ఎదురీదేటప్పుడు రెండున్నర లీటర్లు, అది రెండు మీటర్ల లోతైనా రెండు వందల మీటర్ల లోతైనా అంతే. వదిలిన ఊపిరిని పారబోయకుండా గొట్టాలూ సంచులూ కలిసిన ఒక శ్వాస వలయంలో తిప్పి, కార్బన్ డయాక్సైడును రసాయనంతో తొలగించి, శరీరం తీసుకున్నంత ఆక్సిజన్‌ను మాత్రమే తిరిగి చేర్చే రీబ్రీదర్ ఈ తేడా మీదనే నిలబడి ఉంది. ఇంగ్లండుకు చెందిన హెన్రీ ఫ్లూస్ 1878లో ఇలాంటి తొలి ఆచరణయోగ్యమైన పరికరాన్ని తయారుచేశాడు. సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం నీటితో నిండిపోయిన తరువాత, 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవరు దానిని ధరించే లోపలికి చేరి ఇనుప తలుపును మూయగలిగాడు.

ఆధునిక రీబ్రీదర్లలో కొన్ని ఎలక్ట్రానిక్ నియంత్రణతో ఆక్సిజన్‌ను తమంతట తామే చేరుస్తాయి, కొన్నింటిలో ఆ పని డైవరు చేతిదే. అర్ధసంవృతమనే మరో రకం రీబ్రీదర్‌లో ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, అంటే నైట్రాక్స్, ఒక సన్నరంధ్రం గుండా ఎడతెగకుండా వలయంలోకి పారుతూ ఉంటుంది, ఎక్కువైనది బయటికి పోతుంది. జర్మనీకి చెందిన డ్రేగర్ సంస్థ 1990ల మధ్యలో అట్లాంటిస్ పేరుతోనూ తరువాత డాల్ఫిన్ పేరుతోనూ అమ్మిన పరికరం ఈ రకానిదే. దాని తరువాత వచ్చిన రే అనే చిన్న పరికరమూ అంతే. డాల్ఫిన్‌ను 40 మీటర్ల లోతు వరకు ఉద్దేశించారు. సగం పాలు ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌తో నడిచే రే హద్దు 22 మీటర్లు. ఇదే కాలానికి కొంచెం అటూ ఇటూగా కెనడాకు చెందిన గోర్డాన్ స్మిత్ రూపొందించిన కిస్ రీబ్రీదర్, ఎలక్ట్రానిక్ వాల్వు అక్కరలేకుండానే, ఊపిరిని బయటికి పోనివ్వని పూర్తి సంవృత వలయాన్ని నడపవచ్చని చూపింది. సన్నరంధ్రం గుండా శరీరపు అవసరం కంటే కొంచెం తక్కువగా ఆక్సిజన్ నిరంతరం కారుతూ ఉంటుంది, మిగిలిన లోటును డైవరు మీటరు చూసుకుంటూ మీట నొక్కి పూరిస్తాడు. ఈ ఆలోచన పట్టుకుని పలు దేశాల ఔత్సాహికులు పాత అర్ధసంవృత పరికరాలకు నైట్రాక్స్ స్థానంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ సిలిండరు, దానికి తగిన మరింత సన్నని రంధ్రం, వలయాన్ని నింపే గాలి కోసం వేరొక సిలిండరు, మూడు ఆక్సిజన్ సెన్సర్లు అమర్చి, వాటిని చేతితో నడిపే పూర్తి సంవృత రీబ్రీదర్లుగా మార్చుకున్నారు.

ఇలా మార్చిన మరుక్షణం తయారీదారు ముద్రించిన లోతు, కాలం అంకెలు రెండూ చెల్లకుండా పోతాయి. 22 మీటర్లన్నది ఆ నైట్రాక్స్‌కు చెందిన హద్దే గాని పరికరపు లోహానికీ రబ్బరుకూ చెందినది కాదు. వాయువు మారితే హద్దూ మారుతుంది. అయితే పాత హద్దు తొలగినంత మాత్రాన హద్దులు లేకుండా పోవు. అప్పటిదాకా దాని వెనుక ఉన్నవి ముందుకు వస్తాయి. వాటిలో ఏది ముందు తగులుతుందో తెలుసుకోవడమే ఈ పరికరాన్ని వాడేవాడు చేయవలసిన అసలు లెక్క.

మొదటిది ఆక్సిజన్‌కు సంబంధించినది. ఒక మిశ్రమంలో ఒక వాయువు వాటాగా ఉన్న పీడనాన్ని పాక్షిక పీడనం అంటారు, శరీరానికి తెలిసేది శాతం కాదు, ఈ పీడనమే. అది 0.16 బార్ కంటే కిందికి పడిపోతే స్పృహ తప్పే ప్రమాదం ఉంది, 1.6 బార్ మించితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. అధిక పీడనంలోని ఆక్సిజన్ నాడీమండలానికి విషమవుతుందని ఫ్రాన్సుకు చెందిన పాల్ బెర్ట్ 1878లోనే ప్రకటించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున కెన్నెత్ డొనాల్డ్ జరిపిన ప్రయోగాలు మరింత కలవరపెట్టే విషయాన్ని బయటపెట్టాయి. ఒకే డైవరును మూడు నెలల వ్యవధిలో ఇరవైసార్లు, 21 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించి చూస్తే, లక్షణాలు కనిపించడానికి ఒక రోజు 7 నిమిషాలు చాలగా మరొక రోజు 148 నిమిషాలు పట్టింది. నిన్న ఏమీ కాలేదు గనుక నేడూ కాదని అనుకోవడానికి ఇందులో ఎంతమాత్రం ఆస్కారం లేదు. 1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగిన తరువాత ఇటువంటి ప్రయోగాలకు తన శరీరాన్నే ఒప్పజెప్పిన జె.బి.ఎస్. హాల్డేన్, ఆక్సిజన్ వల్ల కలిగిన మూర్ఛలో వెన్నుపూసలు దెబ్బతిని జీవితాంతం నొప్పి అనుభవించాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ శాస్త్రవేత్త దేహం, ఆయన కోరిక ప్రకారమే కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరిందన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి.

అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ సూచించిన పట్టిక ప్రకారం ఒక్క డైవులో 1.6 బార్ వద్ద 45 నిమిషాలు, 1.4 వద్ద 150 నిమిషాలు, 1.3 వద్ద 180 నిమిషాలు, 1.0 వద్ద 300 నిమిషాలు గరిష్ఠ కాలపరిమితులు. చేతి రీబ్రీదర్ డైవర్లు సాధారణంగా 1.2, 1.3 మధ్య నిలుపుకోవడానికి ప్రయత్నిస్తారు. దీని నుంచే లోతుకు ఒక సాదా హద్దు వస్తుంది. వలయాన్ని నింపే పలుచన వాయువుగా మామూలు గాలినే వాడితే, అందులోని ఆక్సిజన్ పాక్షిక పీడనం 40 మీటర్ల వద్ద 1.05 బార్, 60 మీటర్ల వద్ద 1.47 బార్. వలయంలో ఆక్సిజన్ పొరపాటున ఎక్కువైనప్పుడు తాజా పలుచన వాయువుతో కడిగివేయడమే విరుగుడు గనుక, ఆ వాయువులోనే నిర్దేశించుకున్న విలువ కంటే ఎక్కువ ఆక్సిజన్ ఉంటే ఆ విరుగుడు పనిచేయదు.

రెండో హద్దు పూర్తిగా యంత్రానిది. ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి చేతి పరికరాన్ని వేరుచేసేదీ ఇదే. సన్నని రంధ్రం గుండా వాయువు దూసుకుపోయేటప్పుడు, అవతలి పీడనం ఇవతలి పీడనంలో దాదాపు 53 శాతానికి మించనంత కాలం, రంధ్రపు ఇరుకులో వాయువు ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ ఇరుకులో అంతకు మించిన వేగం సాధ్యం కాదు, అవతలి పీడనం తాలూకు మార్పు ధ్వనికి ఎదురీది ఇవతలికి రాలేదు. అందువల్ల డైవరు ఏ లోతున ఉన్నా నిమిషానికి పారే ఆక్సిజన్ రాశి స్థిరంగా ఉంటుంది. ఇది నెరవేరాలంటే ఇవతలి పీడనం కూడా మారకుండా ఉండాలి. మామూలు డైవింగ్ రెగ్యులేటరులో సిలిండరుకు బిగించే మొదటి దశ చుట్టుపక్కల నీటి పీడనాన్ని పసిగట్టి, దిగేకొద్దీ తన పీడనాన్ని పెంచుకుంటుంది. దానిని అలాగే వదిలితే 30 మీటర్ల వద్ద ఆక్సిజన్ ప్రవాహం పావు వంతుకు పైగా పెరిగి, శరీరపు అవసరాన్ని మించి, డైవరు ఏమీ చేయకుండానే పాక్షిక పీడనం ఎక్కిపోతూ ఉంటుంది. అందుకే మార్పుచేసే సమయంలో మొదటి దశకు నీటి పీడనం తగలకుండా మూసివేస్తారు.

మూసివేత ఒక చిక్కును తీర్చి మరొకదాన్ని తెస్తుంది. మొదటి దశ పీడనం, వాతావరణంతో కలిపి, 11 బార్ల వద్ద స్థిరపరచారనుకుంటే, అందులో 53 శాతం 5.8 బార్, అంటే 48 మీటర్ల లోతు వరకే ధ్వనివేగపు నియమం వర్తిస్తుంది. ఆ కింద ప్రవాహం క్రమంగా సన్నగిల్లుతుంది. 100 మీటర్ల వద్ద నీటి పీడనమూ 11 బార్లే కాబట్టి ఆక్సిజన్‌ను ముందుకు తోసే శక్తే ఉండదు. ఇదే పీడనం మీద ఆధారపడిన మీట కూడా అంతకు ముందే మందకొడి అవుతుంది: పది మీటర్ల లోతున ఒక్క నొక్కుకు వచ్చినంత ఆక్సిజన్ తొంభై మీటర్ల వద్ద చాలాసేపు పట్టి ఉంచితే గాని రాదు. మొదటి దశ పీడనాన్ని రెండు మూడు బార్లు పెంచి ఈ హద్దును కిందికి నెట్టేవారున్నారు, కాని అప్పుడు రంధ్రం ప్రవాహమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది గనుక దానిని మళ్లీ కొలిచి సరిచేయాలి. రెగ్యులేటరు తయారైన పరిధిని మించి పెంచకూడదన్నదీ అంతే ముఖ్యం.

రంధ్రపు ప్రవాహాన్ని ఎంతకు నిర్ణయించాలన్నది కూడా లోతైన విషయమే. దానిని నిమిషానికి 0.7 లీటర్లుగా పెట్టారనీ, డైవరు వాడకం ఒక లీటరనీ, ఊపిరితిత్తులతో కలిపి వలయం ఘనపరిమాణం 7 లీటర్లనీ అనుకుంటే, నిమిషానికి 0.3 లీటర్ల లోటు వలయంలోని ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని ఉజ్జాయింపుగా 0.04 బార్ చొప్పున తగ్గిస్తుంది. 1.3 నుంచి 0.7కు పడడానికి పద్నాలుగు నిమిషాలు. అదే సిలిండరు వాల్వు తెరవడం మరిచి రంధ్రం నుంచి ఏమీ రాకపోతే, 1.3 నుంచి స్పృహ తప్పే స్థాయికి చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఈ లెక్కలో లోతు ఎక్కడా లేదన్నది గమనించదగినది, ఎందుకంటే ఆక్సిజన్ తరిగే వేగం శరీరానిదీ వలయం పరిమాణానిదీ. లోతు ప్రవేశించేది పైకి వచ్చేటప్పుడు. ముప్పై మీటర్ల వద్ద 0.7 బార్ అంటే మిశ్రమంలో ఆక్సిజన్ 17.5 శాతమే, ఆ డైవరు మీట నొక్కకుండా పైకి తేలివస్తే ఉపరితలం దగ్గర అది 0.175 బార్ అవుతుంది, దారిలో శరీరం వాడుకున్నది లెక్కిస్తే ఇంకా తక్కువ. కింద ఏ బాధా తెలియనివాడు ఆఖరి కొద్ది మీటర్లలో స్పృహ కోల్పోవడం ఇందువల్లనే జరుగుతుంది.

కాలం విషయానికి వస్తే, సంవృత వలయంలో ఆక్సిజన్ ఎప్పుడూ పుష్కలంగా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల వద్ద 400 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి లీటరు చొప్పున ఆరున్నర గంటలకు పైగా సరిపోతుంది. పీడనం చూపే గేజి కళ్లముందే ఉంటుంది. నిజమైన గడువును నిర్ణయించేది ఏ గేజీ చూపని డబ్బా. స్క్రబ్బర్ అనే ఆ డబ్బాలో సోడా లైమ్ గుళికలుంటాయి: ముప్పాతిక వంతుకు పైగా తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, కొంత నీరు, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు గుళికల తేమలో కరిగి, ముందు సోడియం హైడ్రాక్సైడుతోనూ ఆ తరువాత సున్నంతోనూ కలిసి సుద్దగా మారుతుంది. సున్నం వేసిన గోడ గాలి తగిలి గట్టిపడేటప్పుడు నెమ్మదిగా జరిగే చర్య ఇక్కడ క్షణాల్లో, వేడి పుట్టిస్తూ జరుగుతుంది.

కిలో సోడా లైమ్ సిద్ధాంతరీత్యా సుమారు 240 లీటర్ల కార్బన్ డయాక్సైడును పట్టుకోగలదు. డాల్ఫిన్ డబ్బాలో పట్టే రెండుంపావు కిలోల ప్రాంతపు గుళికలకు ఇది 540 లీటర్లు, నిమిషానికి ఒక లీటరు చొప్పున తొమ్మిది గంటలు. కాగితం మీది ఈ తొమ్మిది గంటలు నీటిలో ఎవరికీ దక్కవు. చర్య డబ్బా అంతటా ఒకేసారి జరగదు. గాలి ప్రవేశించే వైపున వెచ్చని పొరగా మొదలై, అక్కడి సున్నం నిండుకున్నకొద్దీ ముందుకు జరుగుతూ పోతుంది, ఆ పొర అవతలి అంచును తాకినప్పుడు డబ్బాలో సగం సున్నం తాజాగా ఉండగానే కార్బన్ డయాక్సైడు దాటిపోవడం మొదలవుతుంది. గుళికలను వదులుగా నింపితే గాలి సులువైన సందు వెతుక్కుని వాటిని తాకకుండానే పోతుంది. యూరోపు ప్రమాణం ఈఎన్ 14143 పరీక్షలో 4 డిగ్రీల నీటిలో, 40 మీటర్ల లోతున, నిమిషానికి 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడు పంపుతూ, వలయంలో అది 5 మిల్లీబార్లకు చేరేదాకా కాలం కొలుస్తారు. రెండున్నర కిలోల ప్రాంతం సున్నం పట్టే పరికరాలకు ఆ పరీక్షలో వచ్చేది దాదాపు మూడు గంటలు, అంటే అదే 1.6 లీటర్ల చొప్పున వేసే సిద్ధాంతపు లెక్కలో సగం.

లోతు ఈ డబ్బాను మరోవిధంగానూ దెబ్బతీస్తుంది. శరీరం వదిలే కార్బన్ డయాక్సైడు రాశి లోతుతో మారకపోయినా, దాని చుట్టూ ఉన్న నైట్రోజన్ అణువుల సంఖ్య పీడనంతోపాటు పెరుగుతుంది. గుళికను చేరుకోవడానికి కార్బన్ డయాక్సైడు అణువు ఆ గుంపులోంచి తోసుకుపోవాలి, డబ్బాలో అది నిలిచే వ్యవధి మాత్రం పెరగదు. చిక్కనైన వాయువు చర్యలో పుట్టిన వేడిని కూడా ఎక్కువగా మోసుకుపోయి సున్నాన్ని చల్లబరుస్తుంది, చల్లని సున్నం మందంగా పనిచేస్తుంది. విశాఖ తీరపు వెచ్చని నీరు ఈ ఒక్క విషయంలో ఉత్తర సముద్రం కంటే దయగలదే గాని, వాయువు చిక్కదనాన్ని ఏ సముద్రమూ తగ్గించదు. ఇరవై రెండు మీటర్ల పరికరపు డబ్బాను అరవై మీటర్లకు తీసుకుపోయేవారు పాత గడువును అలాగే నమ్ముకోవడం అన్ని పొరపాట్లలోకీ ప్రమాదకరమైనది. లోతైన డైవు తరువాత ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటపడేందుకు దారిలో ఆగుతూ రావాలి, ఆ డీకంప్రెషన్ సమయమంతా ఇదే సున్నం పనిచేయవలసి ఉంటుంది.

చిక్కదనం సున్నాన్నే కాదు, ఊపిరితిత్తులనూ కట్టడి చేస్తుంది. పరిశోధకులు గావిన్ ఆంథోనీ, సైమన్ మిచెల్ 2016లో పీల్చే వాయువు సాంద్రత లీటరుకు 5.2 గ్రాములు మించకపోవడం మంచిదనీ, 6.2 గ్రాములు దాటకూడదనీ సూచించారు. మామూలు గాలి మొదటి అంకెను 31 మీటర్ల వద్దా, రెండోదాన్ని 39 మీటర్ల ప్రాంతంలోనూ చేరుతుంది. అందువల్ల గాలిని పలుచన వాయువుగా వాడే పరికరానికి ఆక్సిజన్ హద్దు కంటే, రంధ్రపు హద్దు కంటే ముందు తగిలేది ఇదే. హీలియం 45 శాతం, ఆక్సిజన్ 18 శాతం, మిగిలినది నైట్రోజన్ ఉన్న మిశ్రమం 60 మీటర్ల వద్ద కూడా 5.6 గ్రాములే ఉంటుంది.

ఈ హద్దు అర్థాన్ని డేవిడ్ షా మరణం తెలియజేసింది. ఆ ఆస్ట్రేలియన్ విమాన చోదకుడు 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే మంచినీటి గుహలో, 1994లో అక్కడే మరణించిన డియాన్ డ్రేయర్ దేహాన్ని పైకి తీసుకురావడానికి 270 మీటర్లకు దిగాడు. ఆయన వాడినది చేతి పరికరం కాదు, ఆక్సిజన్‌కు కొదవా రాలేదు. ఆయన తలమీది కెమెరా నమోదుచేసిన శ్వాస శబ్దాలను మిచెల్ బృందం 2007లో విశ్లేషించగా కనిపించినది వేరు. చిక్కని వాయువును బలంగా వదలబోతే ఛాతీలోని ఒత్తిడికి ఊపిరి గొట్టాలే నొక్కుకుపోతాయి, అంతకుమించి ఎంత బలం పెట్టినా ప్రవాహం పెరగదు. పని పెరిగి కార్బన్ డయాక్సైడు పోగవుతుంది, అది ఊపిరిని ఇంకా వేగిరపరుస్తుంది, ఆ వేగం మరింత శ్రమను అడుగుతుంది. సున్నం తాజాగా ఉన్నా ఈ విషవలయంలోంచి బయటపడడం కష్టం. పోగైన కార్బన్ డయాక్సైడు మెదడుకు రక్తప్రసారాన్ని పెంచి ఆక్సిజన్ విషప్రభావాన్ని కూడా తీవ్రం చేస్తుంది.

సెన్సర్లకూ తమ గడువు ఉంది. సీసపు ఎలక్ట్రోడు గల ఈ చిన్న విద్యుత్ ఘటం గాలిలో సుమారు 10 మిల్లీవోల్టులు, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 48 మిల్లీవోల్టుల దాకా చూపుతుంది. ఏడాది, ఏడాదిన్నర వాడకంలో సీసం తరిగిపోయిన ఘటం గాలిలో సరిగ్గానే చూపి, 1.2 బార్ దగ్గర మాత్రం అంతకు మించి ఎక్కలేక ఆగిపోవచ్చు. అప్పుడు 1.3 కోసం మీట నొక్కే డైవరు వలయంలో నిజంగా ఎంత ఆక్సిజన్ చేరుతోందో ఎరుగడు. ఎలక్ట్రానిక్ పరికరమూ ఈ మోసానికి లొంగేదే, అయితే చేతి పరికరంలో మీటరు చూసే అలవాటు పనిలో భాగం గనుక ముల్లు కదలకపోవడం త్వరగా కంటబడే అవకాశం ఉంది; ఈ పద్ధతిని ఇష్టపడేవారు చూపే ముఖ్యకారణం అదే, అందులో న్యాయం ఉంది.

చివరికి మిగిలే లెక్క, వలయం మొత్తం విఫలమైనప్పుడు పైకి చేర్చే, వదిలిన ఊపిరి బుడగలుగా పోయే మామూలు సిలిండరుది. 60 మీటర్ల వద్ద నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 140 లీటర్లు కావాలి. సున్నం నిండుకుని కార్బన్ డయాక్సైడుతో ఆయాసపడుతున్నవాడు 50 లీటర్ల చొప్పున పీలుస్తాడు, అంటే 350 లీటర్లు. పదకొండు లీటర్ల సిలిండరులో 200 బార్ల వద్ద 2,200 లీటర్లున్నాయి గనుక అది ఆ లోతున ఆరు నిమిషాలకు కాస్త పైగా సరిపోతుంది, డీకంప్రెషన్ విరామాలు ఇంకా మొదలే కాలేదు. అందుకే అనుభవమున్నవారు డైవు ప్రణాళికను ఆక్సిజన్ గేజి నుంచి కాక ఈ సిలిండరు నుంచి వెనక్కి లెక్కించడం మొదలుపెడతారు: ఆయాసంలో ఎంత లోతు నుంచి పైకి రాగలరో అదే లోతు, అక్కడి నుంచి డీకంప్రెషన్‌తో సహా ఉపరితలం చేరేసరికి సున్నం గడువులో కనీసం మూడో వంతు ఇంకా మిగిలి ఉండేంతే కాలం.